అరిగిన రికార్డు

చెప్పిన మాటనే మాటిమాటికి చెప్పువానిని "అరిగిపోయిన గ్రామఫోను రికార్డు" అని తెలుగువారు ఎగతాళి చేయుదురు. రికార్డు అరిగినకొలది దాని గాడి చెడును. సూది ముందునకు సాగక ఒక్కచోటనే తిరుగును. పాట నడుమ చిటపట ధ్వనులు వినవచ్చును. కావున అరిగిన రికార్డును ఎవరును కోరరు. క్రొత్త రికార్డును కొన్నవారు దానిని మెత్తని గుడ్డతో తుడిచి, దుమ్ము సోకకుండ అట్ట తొడుగులో భద్రపరతురు. కాని 1990వ దశకమున ఇంగ్లండు దేశమునందు కొందరు సంగీతకారులు తాము వాయించి ముద్రింపించిన క్రొత్త రికార్డులను నేలపై పరచి, వానిపై నడచి, బుద్ధిపూర్వకముగా అరుగదీసిరి. ఆ ధ్వనులతో కూర్చిన వారి తొలి పాటల సంపుటి లోకమున గొప్ప పేరు గాంచెను. వారు అట్లేల చేసిరి? అది వెఱ్ఱి చేష్టయా, లేక దానియందు అర్థమేమైన కలదా? ఈ ప్రశ్నకు సమాధానము తెలియవలెనన్న, ముందుగా ఒక పట్టణమును గూర్చి తెలిసికొనవలెను.

ఇంగ్లండు పశ్చిమభాగమున ఏవన్ నదీతీరమున బ్రిస్టలు అను రేవుపట్టణము కలదు. భారతీయులకు ఈ పేరు క్రొత్తది కాదు. సంఘసంస్కర్తయగు రాజా రామమోహనరాయలు 1833 సెప్టెంబరు 27వ తేదీన ఈ పట్టణమునకు చేరువనే కన్నుమూసెను. ఆర్నోస్ వేల్ శ్మశానవాటికలో ఆయన సమాధిమందిరము నేటికిని నిలిచియున్నది. ఈ పట్టణ చరిత్రలో చీకటి పుటలును కలవు. పదునెనిమిదవ శతాబ్దమున బ్రిస్టలు వర్తకులు ఆఫ్రికా ప్రజలను ఓడలలో క్రుక్కి, సముద్రము దాటించి, బానిసలుగా అమ్మిరి. ఆ బానిసల చెమటతో పండిన చెఱకునుండి తీసిన చక్కెరను స్వదేశమునకు తెచ్చి ధనవంతులైరి. రెండవ ప్రపంచయుద్ధము ముగిసిన పిదప వెస్టిండీసు దీవులనుండి, ముఖ్యముగా జమైకానుండి, అనేక కుటుంబములు బ్రదుకుతెరువునకై ఈ పట్టణమునకు వచ్చి, సెయింటు పాల్స్ మొదలగు పేటలలో స్థిరపడెను. నల్లవారికి బస్సులలో ఉద్యోగములు నిరాకరింపబడగా, 1963లో వారును, వారి మిత్రులును బస్సులెక్కుట మాని, ఆ అన్యాయమును తొలగింపజేసిరి.

ఇట్లు వచ్చినవారు తమ వెంట సిరిసంపదలను తేలేదు, సంగీతమును తెచ్చిరి. జమైకా దీవిలో పేదవారు నృత్యశాలలకు పోజాలక, వీధులలో నిలువెత్తు ధ్వనిపేటికలను నిలిపి, రికార్డులు వేసికొని ఆనందించెడివారు. అచట కింగ్ టబ్బీ అని ప్రసిద్ధికెక్కిన ఒక యంత్రనిపుణుడుండెను. అతడు విద్యుద్యంత్రములను బాగుచేయుటలో నేర్పరి. అతడు ముందే రికార్డుచేసిన పాటలోనుండి గాత్రమును తొలగించి, డోలు దెబ్బను, మంద్రస్వరములను మాత్రము మిగిల్చి, వానికి ప్రతిధ్వనులను జోడించెడివాడు. పాట శూన్యమైన మంటపమున దూరమునుండి వినబడుచున్నట్లు తోచెడిది. ఈ పద్ధతికి "డబ్" అని పేరు వచ్చెను.

జమైకాలోనే జన్మించిన మరియొక యువకుడు కుటుంబముతో న్యూయార్కు నగరమునకు వలసపోయెను. కూల్ హెర్క్ అను పేరుతో అతడు ప్రసిద్ధుడు. 1973 ఆగస్టు 11వ తేదీన బ్రాంక్స్ పేటలో తన సోదరి ఏర్పాటుచేసిన విందులో అతడు రికార్డులు వేసెను. పాట నడుమ గాత్రమాగి డోలు మాత్రమే మ్రోగు కొద్ది క్షణములయందే జనులు ఉత్సాహముతో నృత్యము చేయుచుండుటను అతడు గమనించియుండెను. రెండు యంత్రములపై ఒకే పాటయొక్క రెండు ప్రతులనుంచి, ఒకదానిలో ఆ భాగము ముగియగానే రెండవదానిలో దానిని మొదలిడుచు, కొద్ది క్షణముల మ్రోతను ఎంతసేపైనను సాగించు ఉపాయమును అతడు అభివృద్ధి చేసెను. దీనినుండియే "హిప్ హాప్" అను సంగీతము పెంపొందెను. రికార్డును వినిపించు యంత్రమే ఆనాటినుండి ఒక వాద్యమయ్యెను.

మరియొక ధార ఇంగ్లండులోనే పుట్టినది. 1975లో బ్రయన్ ఈనో అను సంగీతకారుడు ప్రమాదమునకు గురియై మంచము పట్టెను. అతనిని చూడవచ్చిన ఒక స్నేహితురాలు వీణవంటి హార్ప్ వాద్యపు రికార్డునొకదానిని తెచ్చియిచ్చెను. ఆమె వెళ్లిన పిదప ఈనో ఎట్లో ఆ రికార్డును యంత్రముపై ఉంచెను. కాని ధ్వని మిగుల తక్కువగానుండెను. మరల లేచి పెంచుటకు అతనికి ఓపిక లేదు. వెలుపల వర్షము కురియుచుండెను. ఆ వానచప్పుడులో హార్ప్ స్వరములు అక్కడక్కడ మాత్రము వినబడుచుండెను. వెలుతురువలె, వానవలె సంగీతముకూడ పరిసరములలో ఒక భాగము కావచ్చునని అతనికి అప్పుడు స్ఫురించెను. 1978లో అతడు విమానాశ్రయములకొరకు ఒక సంపుటిని వెలువరించి, ఇట్టి సంగీతమునకు "యాంబియెంట్" అని పేరిడెను. పరిసరములను ఆవరించియుండునదని దాని భావము.

ఈ ధారలన్నియు బ్రిస్టలులో కలిసెను. 1980వ దశకమున "వైల్డ్ బంచ్" అను యువకుల బృందము తెల్లవారు, నల్లవారు అను భేదము లేక కలిసి, పాత గిడ్డంగులలోను, క్లబ్బులలోను రికార్డులు వేసెడిది. వారిలో కొందరు "మాసివ్ ఎటాక్" అను పేరుతో 1991లో "బ్లూ లైన్స్" అను సంపుటిని వెలువరించిరి. ఆ కాలమున నిమిషమునకు 120కి పైగా దెబ్బలతో ఉరకలు వేయు నృత్యగీతములు ప్రబలియుండెను. బ్రిస్టలు పాటలు పెక్కు నూరు దెబ్బలకు లోబడి నడచెను. మన సంగీతశాస్త్ర పరిభాషలో చెప్పవలెనన్న, అందరు దురితకాలమున పరుగిడుచుండగా వీరు విళంబకాలమును ఎన్నుకొనిరి. విశ్రాంతిగానున్న మనుష్యుని గుండె కొట్టుకొను వేగము నిమిషమునకు 60 మొదలు 100 వరకు ఉండునని వైద్యులు చెప్పుదురు. ఈ పాటల నడక దానికి సమీపమైనది.

"బ్లూ లైన్స్" రూపొందుచున్న బ్రిస్టలు స్టూడియోలో ఒక చిన్న సహాయకుడుండెను. టేపులు మార్చుట, పెద్దలకు టీ అందించుట వంటి పనులు అతనివి. అతని పేరు జెఫ్ బారో. 1971లో పుట్టిన అతడు బ్రిస్టలుకు పడమట సముద్రతీరమునగల పోర్టిస్‌హెడ్ అను చిన్న ఊరిలో పెరిగినవాడు. పనులు చేయుచునే అతడు చూపును, చెవిని పదునుపెట్టుకొనెను. పెద్దవారు విడిచిన సమయములో తన సొంత ప్రయత్నములు చేసికొనెను.

1991లో నిరుద్యోగులు స్వయముగా వృత్తి నెలకొల్పుకొనుటకు ప్రభుత్వము సహాయమొసగు ఒక పథకపు శిక్షణసభకు బారో వెళ్లెను. విరామసమయమున అచట అతనికి బెత్ గిబ్బన్స్ అను గాయనితో పరిచయమయ్యెను. 1965లో జన్మించిన ఆమె డెవన్ మండలమున వ్యవసాయక్షేత్రమున పెరిగి, బ్రిస్టలు చేరి, చిన్న చిన్న మద్యశాలలలో పాడుకొనుచుండెను. కొంతకాలమునకు ఏడ్రియన్ అట్లీ అను గిటారు వాద్యకుడు వారితో కలిసెను. 1957లో జన్మించిన అతడు జాజ్ సంగీతమున ఆరితేరినవాడు. రికార్డులు వేయు యువకుడు, ఏకాంతప్రియయగు గాయని, పెద్ద అనుభవముగల వాద్యకుడు - ఈ మువ్వురును వయస్సున, అభ్యాసమున వేరువేరు. వీరికి తోడుగా డేవ్ మెక్‌డొనాల్డు అను ధ్వనినిపుణుడు నిలిచెను. బారో పెరిగిన ఊరి పేరే ఈ బృందమునకు పేరయ్యెను.

వీరు పనిచేసిన విధానమును గ్రహించుటకు కొంత శాస్త్రజ్ఞానము అవసరము. గ్రామఫోను రికార్డుపై ఒకే సన్నని గాడి చుట్టలు చుట్టలుగా అంచునుండి నడిమివరకు సాగును. ధ్వనితరంగముల వంకరలే ఆ గాడి వంకరలు. సూది వానిలో కదలి, ఆ కదలికలను మరల ధ్వనిగా మార్చును. నిమిషమునకు 45 చుట్లు తిరుగవలసిన రికార్డును 33⅓ చుట్ల వేగముతో త్రిప్పినచో, ప్రతి స్వరముయొక్క కంపనసంఖ్య ఇంచుమించు నాలుగింట మూడువంతులగును. అప్పుడు శ్రుతి తగ్గును, పలుకు సాగును, ఉల్లాసముగా పాడినవాని కంఠముకూడ బరువెక్కి దుఃఖించుచున్నట్లు తోచును. ఇట్టి ధ్వనిఖండములను భద్రపరచి, మీట నొక్కగానే మరల వినిపించు విద్యుద్యంత్రమునకు "శాంప్లరు" అని పేరు. అది ధ్వనిని క్షణమునకు వేలకొలది పర్యాయములు కొలిచి, అంకెలుగా దాచుకొనును. కాంపాక్టు డిస్కుపై ధ్వనిని సెకనుకు 44,100 పర్యాయములు కొలుతురనిన, ఈ కొలత ఎంత సూక్ష్మమో ఊహింపవచ్చును.

అయితే ఇచట ఒక న్యాయసమస్య పుట్టెను. ఒకరు చెమటోడ్చి వాయించిన దానిని మరియొకరు కత్తిరించి తమ పాటలో అదుకుకొనుట తగునా? పెక్కు పాత పాటలను వాయించినవారు పేదలై మరణించిరి. వారి డోలు దెబ్బలు మాత్రము లోకమంతట మ్రోగుచుండెను. 1991లో అమెరికాలోని ఒక న్యాయస్థానము అనుమతి లేక పరుల రికార్డులనుండి ఖండములను తీసికొనుట దొంగతనముతో సమానమని తీర్పుచెప్పెను. అప్పటినుండి అట్టి ఖండములకు ముందుగా అనుమతి పొంది సొమ్ము చెల్లించుట అవసరమయ్యెను. మరియొక వాదమును కలదు. మరుగునపడిన పాటను క్రొత్త తరమువారి చెవిని వేయుటకూడ ఒక సేవయే యని కొందరందురు. రెండు వాదములయందును సత్యము కలదు. అప్పు తీసికొనుట తప్పు కాదు. అప్పిచ్చినవాని పేరు దాచుట తప్పు.

పోర్టిస్‌హెడ్ బృందమువారు ఈ సమస్యను రెండు విధముల ఎదుర్కొనిరి. పరుల ఖండములను గైకొన్నచోట్ల వారి పేర్లను సంపుటిపై ప్రకటించిరి. తక్కిన పాటలకు వేరొక ఉపాయమును పన్నిరి. డోలును, గిటారును, తీగవాద్యములను తామే వాయించి, ఆ వాద్యభాగమును రికార్డుగా ముద్రింపించిరి. క్రొత్త రికార్డు మిగుల స్వచ్ఛముగా పలికెను. వారికి కావలసినది ఆ స్వచ్ఛత కాదు. తాతలనాటి పెట్టెలో దొరికిన పాటవలె అది వినబడవలెను. అందుకే ఆ రికార్డులను నేలపై వేసి త్రొక్కిరి. చెడిపోయిన ధ్వనివర్ధకములగుండ వాద్యములను వినిపించి, ఆ గరగర ధ్వనిని తిరిగి రికార్డుచేసిరి. ఇట్లు తమకొక పూర్వచరిత్రను తామే కల్పించుకొని, దానినుండి ఖండములను తీసికొనిరి. ఈ ఆలోచనయందలి చమత్కారము గమనింపదగినది: ఎవరి యాస్తిని అపహరింపక, పాతదనపు పరిమళమును మాత్రము వారు గ్రహింపగలిగిరి.

ఇట్టి కృషికి ఫలముగా 1994 ఆగస్టు మాసమున "డమ్మీ" అను తొలి సంపుటి వెలువడెను. అందలి మొదటి పాట "మిస్టెరాన్స్". అందు తీగెవలె సాగి వణకు ఒక స్వరము వినవచ్చును. అది 1920 ప్రాంతమున థెరమిన్ అను రష్యా శాస్త్రజ్ఞుడు నిర్మించిన, చేయి తాకకయే పలుకు వాద్యమును తలపించును. "సవర్ టైమ్స్" అను పాటకు లాలో షిఫ్రిన్ 1960వ దశకమున ఒక గూఢచారి కథాప్రదర్శనమునకు కూర్చిన వాద్యఖండము ఆధారము. అందు మన సంతూరునకు చుట్టమగు సింబలామ్ అను వాద్యము మ్రోగును. "రోడ్స్" అను పాటలో విద్యుత్ పియానో స్వరము నీటిపై దీపచ్ఛాయవలె కదలుచుండగా, వయొలినులు మెల్లగా వచ్చి చేరును. "బిస్కట్" అను పాటలో 1950వ దశకపు గాయకుడగు జానీ రే కంఠము నెమ్మదింపబడి, గుర్తింపరానంత బరువుగా వినబడును. చివరి పాటయగు "గ్లోరీ బాక్స్"నకు ఐజక్ హేస్ 1971లో వెలువరించిన వాద్యభాగము మూలము. బ్రిస్టలు గాయకుడే యగు ట్రికీ 1995లో అదే వాద్యభాగముతో వేరొక పాటను కట్టెను. మూలమొక్కటే యైనను రెండు పాటలకును పోలిక లేదు. ఒకే రాగమున ఇద్దరు విద్వాంసులు ఆలాపన చేసినను ఎవరి మనోధర్మము వారిదే కదా!

యంత్రములెన్ని యున్నను ఈ సంపుటికి ప్రాణము బెత్ గిబ్బన్స్ కంఠమే. సిద్ధముచేసిన వాద్యభాగములకు ఆమె మాటలు వ్రాసి పాడెను. ఆమె గానము గట్టిగా చాటునది కాదు. ఒక్కొక్కమారు విరిగిపోవునేమో యనునంత సన్ననిది. ఆమె పత్రికలవారితో మాటలాడుటకు ఇష్టపడలేదు. తన మాటలన్నియు పాటలోనే చెప్పితినని ఆమె మౌనము తెలుపుచున్నట్లుండెను. ఒంటరితనము, కోరిన ఆదరణము లభింపకపోవుట, తనను తాను నమ్మజాలకపోవుట - ఇవి ఆ పాటల విషయములు. ఇట్టి దుఃఖమును కోరి వినుటయేల యని ఎవరైన అడుగవచ్చును. రసములన్నిటికిని కరుణమే మూలమని భవభూతి తన నాటకమున ఒక పాత్రచేత చెప్పించెను. దుఃఖితుని యెదుట నవ్వించువానికంటె, మాటలాడక ప్రక్కన కూర్చుండువాడే ఒక్కొక్కప్పుడు మేలు చేయును. విషాదగీతము అట్టి మిత్రుడు. తన బాధ తనకొక్కనికే కలిగినది కాదని వినువాడు తెలిసికొని ఊరటనొందును.

1995లో ఈ సంపుటికి ఇంగ్లండులో మెర్క్యురీ సంగీత బహుమానము లభించెను. బ్రిస్టలు సంగీతము లోకమంతట ప్రఖ్యాతమయ్యెను. అయితే కీర్తియు ఒక చిక్కును తెచ్చెను. 1994లో ఒక సంగీత పత్రిక ఇట్టి పాటలకు "ట్రిప్ హాప్" అని పేరు పెట్టగా, ఆ పేరు బ్రిస్టలువారిలో పలువురికి రుచింపలేదు. పేరు దొరికిన వెంటనే అనుకరించువారు పుట్టిరి. నెమ్మదియైన డోలు దెబ్బ, చిటపట ధ్వని, జాలిగొలుపు కంఠము - ఈ మూడింటిని కలిపినచో చాలునని వారు తలచిరి. వేదనతో పుట్టిన పాటలు భోజనశాలలలో మాటల నడుమ మ్రోగు చప్పుడుగా మారెను. ముసుగు దొరికినను ముఖము దొరకదని అనుకరించువారు ఎరుగకపోయిరి.

పోర్టిస్‌హెడ్ బృందమువారు తమ్ము తాము అనుకరించుటకు అంగీకరింపలేదు. 1997లో రెండవ సంపుటిని వెలువరించి, ఆ యేడే న్యూయార్కులోని రోజ్‌లాండ్ శాలలో వాద్యగోష్ఠితో కలిసి కచేరి చేసిరి. యంత్రములతో అల్లిన పాటలను వయొలినులు మొదలగు వాద్యములతో సభలో వినిపించుటచే, వాని బలము యంత్రమునందే లేదని ఋజువయ్యెను. పిమ్మట పదునొకండేండ్లు గడచినగాని మూడవ సంపుటి రాలేదు. 2008లో వచ్చిన ఆ సంపుటి మొదటిదానికి పూర్తిగా భిన్నమైనది. బెత్ గిబ్బన్స్ 2024లో తన పేరుతోనే మరియొక సంపుటిని వెలువరించెను. అప్పటికి ఆమె వయస్సు ఐదు పదులు దాటి చాలకాలమయ్యెను. కాలము గడచుట, ఆత్మీయులను కోల్పోవుట ఆ పాటలకు వస్తువులయ్యెను.

ఇప్పుడు మొదటి ప్రశ్నకు మరల వత్తము. క్రొత్త రికార్డును అరుగదీయుట ఏల? క్రొత్త వస్తువు ఎవరి చేతిలోను మెలగలేదు. దానికి కథ లేదు. అమ్మమ్మ వాడిన రోలునందలి గుంట, పలుమారులు చదివిన పుస్తకపు నలిగిన అంచు, బడి మెట్లపై పాదముల ఒరిపిడి - ఇవన్నియు మనుష్యులు మెలగిన జాడలు. అరిగిన రికార్డు అనేకమారులు వినబడిన రికార్డు. అనగా ఎవరో దానిని ప్రేమించిరని అర్థము. ఆ ప్రేమ జాడను తమ పాటకు సంక్రమింపజేయవలెనని ఆ బ్రిస్టలు సంగీతకారులు తలచిరి. గరగర ధ్వనిని కల్పించుట ఎవరికైనను సాధ్యమే. ఆ ధ్వని వెనుక నిజమైన హృదయముండుట మాత్రము అరుదు. "డమ్మీ" వెలువడి మూడు దశాబ్దములు గడచినను వినువారు దానిని విడువలేదు. ఒకనాడు కృత్రిమముగా అరుగదీసిన ఆ పాటలు, నేడు అనేకుల యిండ్లలో మాటిమాటికి వినబడి, నిజముగనే అరుగుచున్నవి.